పాత అమెరికన్ గేమ్ షోలు: ఏ ఆట, ఏ ఛానల్, ఎవరికి

కేబుల్ గైడులో గేమ్ షో నెట్‌వర్క్ అన్న పేరు కనబడగానే పాత ఆటలన్నీ అక్కడే దొరుకుతాయనుకుంటాం. సాయంత్రం పెట్టి చూస్తే స్టీవ్ హార్వీ నడిపే ఫ్యామిలీ ఫ్యూడ్ వస్తుంటుంది. గంట ఆగి పెట్టినా చాలాసార్లు అదే. మీరు వెతికేది 1970ల నాటి మ్యాచ్ గేమో, బాబ్ బార్కర్ నడిపిన ప్రైస్ ఈజ్ రైటో అయితే, తప్పు తలుపు తడుతున్నారన్నమాట.

ఛానల్ ఎంచుకుని అందులో ఆట వెతికితే విసుగే మిగులుతుంది. ముందు ఆట ఏదో తేల్చుకోండి, ఛానల్ దానంతట అదే తేలుతుంది. ఏ ఆట ఎక్కడ వస్తుందన్నది ఆ టేపులు ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని బట్టే ఉంటుంది. ఈ సలహా ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్లకు, అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లి పగలంతా ఇంట్లో ఉండే అమ్మానాన్నలకు. ఇండియాలో ఉండి చూడాలనుకునేవాళ్ల దారి వేరు, దాని సంగతి చివర్లో.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, హక్కులు. మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ జంట తీసిన ఆటలు (మ్యాచ్ గేమ్, పాస్‌వర్డ్, ఫ్యామిలీ ఫ్యూడ్, కార్డ్ షార్క్స్, వాట్స్ మై లైన్) ఇప్పుడు ఫ్రీమాంటిల్ సంస్థవి. జెపర్డీ, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్, పిరమిడ్, టిక్ ట్యాక్ డో, న్యూలీవెడ్ గేమ్ లాంటివి సోనీ గూటిలో ఉన్నాయి. గేమ్ షో నెట్‌వర్క్ సోనీది, బజర్ అనే ఛానల్ ఫ్రీమాంటిల్‌ది. ఒకరి ఆట మరొకరి ఛానల్‌లో వస్తుంటే అది అద్దెకు తెచ్చుకున్నదని అర్థం. గడువు తీరితే ఆ ఆట చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. 1997 అక్టోబరు నుంచి 1998 ఏప్రిల్ దాకా గేమ్ షో నెట్‌వర్క్‌లో గుడ్‌సన్ ఆటలు దాదాపుగా ఆగిపోవడానికి కారణం ఇదే. పాత అభిమానులు ఆ ఆరు నెలలను ఇప్పటికీ ‘చీకటి కాలం’ అనే అంటారు.

రెండోది, ఇంగ్లిషు ఎంత కావాలన్నది. కొన్ని ఆటలకు అంకెలు తెలిస్తే చాలు. కొన్నింటికి ఆనాటి అమెరికా కబుర్లు, రెండర్థాల మాటలు కూడా తెలియాలి.

మూడోది, పక్కన ఎవరు కూర్చుంటారన్నది. అత్తమామలతో కలిసి చూడదగ్గవి వేరు, పిల్లలు పడుకున్నాక చూసేవి వేరు.

నాలుగోది, నెల ఖర్చు. ఐదోది, బొమ్మ నాణ్యత. ఐదోదాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఇవన్నీ దాదాపు చతురస్రాకారపు తెరల కాలంలో తీసినవి, ఖరీదైన ప్యాకేజీ కొన్నంత మాత్రాన స్పష్టత పెరగదు.

బహుమతి డబ్బు గురించి కూడా ముందే మనసు సిద్ధం చేసుకోండి. కౌన్ బనేగా కరోడ్‌పతి, మీలో ఎవరు కోటీశ్వరుడు చూసి పెరిగినవాళ్లకు ఇక్కడి మొత్తాలు నవ్వు తెప్పిస్తాయి. వాట్స్ మై లైన్‌లో గరిష్ఠ బహుమతి 50 డాలర్లు. ఆ ఆటలను జనం చూసింది డబ్బు కోసం కాదు.

ఛానళ్లు పక్కపక్కన

| | గేమ్ షో నెట్‌వర్క్ | బజర్ | ప్లూటో టీవీ |
|---|---|---|---|
| మొదలు | 1994 డిసెంబరు 1 | 2015 జూన్ 1 | బార్కర్ నాటి ప్రైస్ ఈజ్ రైట్ ఛానల్ 2022 డిసెంబరులో |
| ఎలా వస్తుంది | కేబుల్, శాటిలైట్, డబ్బు కట్టే స్ట్రీమింగ్ | యాంటెన్నా, ఉచిత యాప్‌లు, కొన్నిచోట్ల కేబుల్ | ఇంటర్నెట్ మాత్రమే |
| ఖర్చు | నెలవారీ చందా | యాంటెన్నా కొంటే చాలు | ఉచితం, ప్రకటనలతో |
| పాత ఆటల వాటా | తక్కువ | దాదాపు అంతా | ఒక్కో ఛానల్‌కు ఒక్కో ఆట |
| రికార్డింగ్ | సులువు | విడిగా పరికరం కావాలి | లేదు |

గేమ్ షో నెట్‌వర్క్

తొలి ఏళ్లలో ఇది పాత ఆటల ఖజానాయే. 2004లో పేరును జీఎస్‌ఎన్‌గా కుదించుకున్నాక సొంతంగా తీసే కొత్త ఆటలు పెరిగాయి, పాతవి తెల్లవారుజాము వేళలకు జరిగాయి. ఇవాళ దీన్ని పాత ఆటల కోసమే తీసుకుంటే గిట్టుబాటు కాదు. కొత్త ఫ్యూడ్, కొత్త ఆటలు కూడా ఇష్టమై, పాతవి రికార్డు చేసి పగలు చూసుకునేవాళ్లకైతే సరిపోతుంది.

దీని కోసం పెద్ద కేబుల్ ప్యాకేజీ తీసుకోనక్కర్లేదు. క్రీడలు, స్థానిక ఛానళ్లు లేని ఫిలో, ఫ్రెండ్లీ టీవీ లాంటి చిన్న స్ట్రీమింగ్ ప్యాకేజీల్లో కూడా ఇది ఉంటుంది. ఛానళ్ల జాబితాలు మారుతుంటాయి కాబట్టి ఉచిత ట్రయల్ ఉంటే ఆ రోజుల్లోనే తెల్లవారుజాము షెడ్యూల్ చూసి నిర్ణయించుకోండి. పగటి షెడ్యూల్ చూసి కొనడం ఎక్కువమంది చేసే పొరపాటు. ఈ సంస్థదే గేమ్ షో సెంట్రల్ అనే ఉచిత స్ట్రీమింగ్ ఛానల్ ఉంది. అందులో వచ్చే ఆటలతోనే మీకు సరిపోతుందేమో చందా కట్టేముందు ఒకసారి చూడండి.

బజర్

పాత ఆటలే కావాలనుకునేవాళ్లకు మొదటి ఎంపిక ఇదే, ఇందులో తటపటాయింపు అక్కర్లేదు. మ్యాచ్ గేమ్, పాస్‌వర్డ్ రకాలు, కార్డ్ షార్క్స్, ప్రెస్ యువర్ లక్, సేల్ ఆఫ్ ద సెంచరీ, సూపర్‌మార్కెట్ స్వీప్ ఇందులో విడతలవారీగా తిరుగుతుంటాయి.

చిక్కల్లా అందుబాటులోనే. బజర్ చాలా ఊళ్లలో ఏదో ఒక స్థానిక స్టేషన్ అలల మీద ఉపఛానల్‌గా వస్తుంది, తెర మీద 5.3, 11.4 లాంటి నంబరు కనిపిస్తుంది. స్థానిక స్టేషన్ ప్రధాన ఛానల్‌ను కేబుల్ కంపెనీ తప్పక చూపించాలన్న నియమం ఈ ఉపఛానళ్లకు వర్తించదు. పక్క ఊరి కేబుల్‌లో వచ్చేది మీ దగ్గర రాకపోవడానికి కారణం అదే. కస్టమర్ కేర్‌తో వాదించి లాభం లేదు, యాంటెన్నా పెట్టుకోండి.

పెట్టే పద్ధతి ఇది. ముందు అమెరికా ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ సంస్థ వెబ్‌సైటులోని డీటీవీ మ్యాపులో మీ జిప్ కోడ్ ఇచ్చి, టవర్లు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. పాతిక మైళ్లలోపు అయితే 20 నుంచి 40 డాలర్లకు దొరికే పలచటి ఇండోర్ యాంటెన్నా చాలా ఇళ్లలో పనిచేస్తుంది. టవర్ వైపున్న కిటికీకి, వీలైనంత ఎత్తులో అంటించండి. కేబులును టీవీ వెనక యాంటెన్నా రంధ్రానికి బిగించి, సెట్టింగుల్లో ఛానల్ స్కాన్‌కు వెళ్లి, మూలం దగ్గర ‘కేబుల్’ కాకుండా ‘ఎయిర్’ లేదా ‘యాంటెన్నా’ అని ఎంచుకోండి. ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. కేబుల్ అని ఉంచి స్కాన్ చేస్తే ఒక్క ఛానల్ కూడా రాదు, యాంటెన్నా పాడైందనుకుని తిరిగిచ్చేస్తారు.

బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంటే సిగ్నల్ బలహీనంగా ఉందని. డిజిటల్ ప్రసారంలో పాతకాలపు చుక్కలవాన ఉండదు. వస్తే శుభ్రంగా వస్తుంది, లేకపోతే ముక్కలై ఆగిపోతుంది. కిటికీ అద్దానికి లోహపు పూత ఉన్నా, గోడలో రేకు పొర ఉన్నా సిగ్నల్ తగ్గుతుంది, అప్పుడు వేరే కిటికీ ప్రయత్నించండి. యాంటెన్నాతో వచ్చే ఆంప్లిఫయర్‌ను మొదట తీసేసి చూడండి. టవర్లు దగ్గరున్నచోట అది సిగ్నల్‌ను మరీ పెంచేసి చెడగొడుతుంది. ఇంకో మెలిక: తెర మీద కనిపించే నంబరు, స్టేషన్ నిజంగా వాడే అల ఒకటే కానక్కర్లేదు. పలచటి యాంటెన్నాలు యూహెచ్‌ఎఫ్‌ను (14, ఆ పై నంబర్ల అలలు) బాగా పడతాయి, వీహెచ్‌ఎఫ్ (2 నుంచి 13) దగ్గర తడబడతాయి. మీ ఊళ్లో బజర్‌ను మోసే స్టేషన్ నిజంగా 2 నుంచి 13 మధ్య అల మీద ఉంటే పొడవాటి కడ్డీలున్న ‘కుందేలు చెవుల’ రకం కొనండి.

కొన్నాళ్లు బాగా వచ్చి ఒకరోజు హఠాత్తుగా పోతే, ఛానల్ వేరే స్టేషన్‌కు మారి ఉండవచ్చు. మళ్లీ స్కాన్ చేయండి. ఇంత శ్రమ ఎందుకనుకుంటే బజర్ స్ట్రీమ్ ఉచిత యాప్‌లలో కూడా దొరుకుతుంది. కాకపోతే రిమోట్‌లో నంబరు నొక్కడం మాత్రమే తెలిసిన పెద్దవాళ్లకు యాప్ తెరిచి వెతకడం కంటే యాంటెన్నాయే సుఖం.

ప్లూటో టీవీ

దీని ఆకర్షణ ఒక్కటి: ప్రైస్ ఈజ్ రైట్, బార్కర్ నాటి ఎపిసోడ్లు, రోజంతా. ఖాతా లేకుండా, డబ్బు లేకుండా. బార్కర్ 1972 నుంచి 2007 దాకా ఈ ఆట నడిపాడు, కానీ ఈ ఛానల్ 1982లో మొదలైన 11వ సీజన్‌తో ప్రారంభమైంది. దానికి కారణముంది. అంతకుముందు ఎపిసోడ్లలో జంతు బొచ్చు కోట్లు బహుమతులుగా ఉండేవి. జంతుహక్కుల కోసం పోరాడిన బార్కర్ అవి మళ్లీ ప్రసారం కాకూడదని పట్టుబట్టాడు. 1970ల ఎపిసోడ్ల కోసం ఇక్కడ వెతుక్కోకండి. ఆ 11వ సీజన్ మధ్యలోనే, 1983 జనవరిలో, ప్లింకో (మేకుల పలక మీద నుంచి బిళ్లలు జారవిడిచే, షోలో బాగా పేరుపడ్డ ఆట) మొదలైంది కాబట్టి మరీ ఏమీ పోగొట్టుకోరు.

చూడదలచుకున్న ఎపిసోడ్ ఎంచుకునే వీలు ఇక్కడ ఉండదు. ఆన్ చేసినప్పుడు నడుస్తున్నదే చూడాలి, వెనక్కి తిప్పడం కుదరదు. పని చేసుకుంటూ ఓ చెవి పడేసి చూసేవాళ్లకు ఇది లోపం కాదు. కుదురుగా కూర్చుని వరసగా చూసేవాళ్లకు చిరాకు.

ఆటలు, ఎవరికి ఏవి

*ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చే పెద్దవాళ్లకు:* ప్రైస్ ఈజ్ రైట్‌ను మించింది లేదు. నలుగురు ఒక వస్తువు ధర చెబుతారు, అసలు ధర దాటకుండా దగ్గరగా చెప్పినవాళ్లు వేదిక ఎక్కుతారు. సబ్బు, డబ్బా సూపు, సోఫా, కారు: భాష రాకపోయినా సంత బేరం తెలిస్తే చాలు. ఇంట్లోవాళ్లు పోటీపడి ధరలు చెప్పేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. 1982 నాటి డాలరు విలువ ఇప్పటి లెక్కలో మూడింతలకు పైనే, కాబట్టి తోచిన ధరను మూడుతో భాగించి చెప్పండి. చిన్న కారు పదివేల డాలర్లలోపే ఉంటుంది. దుకాణంలో ఎలక్ట్రానిక్స్ చవకయ్యాయి కాబట్టి వాటికి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, ఆనాటి వీడియో ప్లేయర్ ధర విని గుండె పట్టుకుంటారు.

రెండోది కార్డ్ షార్క్స్. పేక తెలిసిన ఇంట్లో రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. తరువాత వచ్చే ముక్క పెద్దదా చిన్నదా చెప్పాలి, ఆసు అన్నిటికంటే పెద్దది, రెండు అన్నిటికంటే చిన్నది. ముక్కలు తిరగేసే ముందు ‘నూరుమందిని అడిగితే ఎంతమంది అవునన్నారు’ అనే ప్రశ్న ఒకటి ఉంటుంది, ఇంగ్లిషు అవసరమయ్యేది అక్కడే. జిమ్ పెర్రీ నడిపిన 1978–81 రకం, బాబ్ యూబ్యాంక్స్ నడిపిన 1986–89 రకం రెండూ తిరుగుతుంటాయి. చివరి పందెంలో పెర్రీ నాడు గరిష్ఠం 28,800 డాలర్లు, యూబ్యాంక్స్ నాడు 32,000. పెర్రీ రకం నెమ్మది, నేర్చుకోవడానికి అదే మేలు.

*ఇంగ్లిషు మెరుగుపరచుకోవాలనుకునేవాళ్లకు:* పాస్‌వర్డ్. ఒకే ఒక్క మాట సూచనగా ఇచ్చి దాచిన మాట చెప్పించాలి. మొదటి సూచనకే చెబితే 10 పాయింట్లు, ప్రతి సూచనకూ ఒకటి తగ్గుతుంది, 25కు చేరినవాళ్లు గెలుస్తారు. పర్యాయపదాలు ఇంతగా మెదడుకెక్కించే ఆట మరొకటి లేదు. అలెన్ లడెన్ 1961లో మొదలుపెట్టిన నలుపు తెలుపు రకంలో ఉచ్చారణ నిదానంగా, స్పష్టంగా ఉంటుంది. 1980ల సూపర్ పాస్‌వర్డ్‌లో వేగం ఎక్కువ.

పిరమిడ్ దీనికి చెల్లెలిలాంటిది. డిక్ క్లార్క్ 1973లో పదివేల డాలర్లతో మొదలుపెట్టాడు, తరువాత అంకె పెరుగుతూ లక్ష దాకా వెళ్లింది. చివరి ఘట్టంలో 60 సెకన్లలో ఆరు వర్గాలు చెప్పించాలి. ఉదాహరణలు మాత్రమే ఇవ్వాలి, వర్ణించకూడదు, చేతులు ఊపకూడదు. మన డంబ్ షరాడ్స్‌లో నోరు కట్టేస్తారు, ఇక్కడ చేతులు కట్టేస్తారు. ఉత్తినే అనడం లేదు, కుర్చీకి పట్టీలే ఉండేవి. ఇది సోనీ వాటాలోది కాబట్టి బజర్ మీద ఆశ పెట్టుకోకండి.

*నవ్వుకోవడానికి:* మ్యాచ్ గేమ్, 1973–79. జీన్ రేబర్న్ ఖాళీ వదిలిన వాక్యం చదువుతాడు. ఆరుగురు ప్రముఖులు రాసిన మాటతో పోటీదారు చెప్పిన మాట కలవాలి. ఆట సాకు మాత్రమే, అసలు సరుకు ఆ ప్రముఖుల్లో బ్రెట్ సోమర్స్, చార్లెస్ నెల్సన్ రైలీల కీచులాట. అయితే ఖాళీలో పడే మాట చాలాసార్లు కొంటెది, ఆనాటి రాజకీయ నాయకుల మీదా నటుల మీదా విసుర్లు. అమెరికాలో పదేళ్లున్నవాళ్లకు కూడా సగం జోకులు జారిపోతాయి. పెద్దవాళ్లకు పెట్టి ‘ఎందుకు నవ్వుతున్నారు’ అని అడిగించుకోకండి. ఒక సదుపాయం: ఏడాది మారినప్పుడల్లా పేరు వెనక అంకె మారేది, తెర మీద 75 అని ఉంటే 1975 ఎపిసోడ్ అని. ఆ ప్రముఖుల్లో ఒకడైన రిచర్డ్ డాసన్ 1978లో వెళ్లిపోయాడు, అంతకుముందువే మేలైనవి.

ఆ డాసనే 1976 నుంచి 1985 దాకా ఫ్యామిలీ ఫ్యూడ్ నడిపాడు. ఆట సులువు, కుటుంబం మొత్తం ఆడవచ్చు. కానీ పోటీకి వచ్చిన ఆడవాళ్లందరినీ అతను ముద్దు పెట్టుకునేవాడు. మామగారి పక్కన కూర్చుని చూసేటప్పుడు ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. హార్వీ నాటి ఫ్యూడ్‌లో ముద్దుల్లేవు, జవాబులే మొరటు. రెండింటి మధ్య 1988–94 నాటి రే కూంబ్స్ ఎపిసోడ్లు పెద్దవాళ్ల ముందు పెట్టడానికి మధ్యేమార్గం. న్యూలీవెడ్ గేమ్ సంగతి అడగనే వద్దు, కొత్త దంపతుల పడకగది కబుర్లే దాని పెట్టుబడి.

*ఉత్కంఠ కోరేవాళ్లకు:* ప్రెస్ యువర్ లక్, 1983–86. పద్దెనిమిది గళ్ల పలక మీద వెలుగు పరుగెడుతుంటుంది, మీట నొక్కినచోట డబ్బో, అప్పటిదాకా గెలిచినదంతా ఊడ్చుకుపోయే వ్యామీ అనే ఎర్ర బొమ్మో. 1984లో మైకేల్ లార్సన్ అనే అతను వెలుగు ఐదు వరసల్లోనే తిరుగుతోందని ఇంట్లో టేపులు చూసి కంఠతా పట్టి, 1,10,237 డాలర్లు పట్టుకుపోయాడు. పిల్లలు కూడా ఇష్టపడతారు. ప్రతి రౌండు మొదట్లో మాత్రమే ఇంగ్లిషు ప్రశ్నలు, తరువాతంతా అరుపులే.

*పాత కాలం మీద మోజున్నవాళ్లకు:* వాట్స్ మై లైన్, 1950–67. ఎదుటివాళ్ల వృత్తేమిటో అవును-కాదు ప్రశ్నలతో కనిపెట్టాలి. ప్రతి ‘కాదు’కూ 5 డాలర్లు. చివర్లో వచ్చే ప్రముఖ అతిథికి ముందు ప్యానెల్ కళ్లకు గంతలు కడతారు. టీవీ తెరకు ఎదురుగా ఫిలిం కెమెరా పెట్టి తీసిన కాపీలు కాబట్టి బొమ్మ మసగ్గానే ఉంటుంది, సెట్టింగులు మార్చినా బాగుపడదు. 1960ల ఆటలు చాలా తక్కువగా మిగలడానికి కారణం మరొకటి: టేపు ఖరీదైనది కాబట్టి ఛానళ్లు పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది తీసేవి. ఆర్ట్ ఫ్లెమింగ్ నడిపిన తొలి జెపర్డీ (1964–75) ఎపిసోడ్లు ఎక్కువభాగం అలాగే పోయాయి. వాటి కోసం ఏ చందా కట్టినా వృథా.

చందా ఏదైనా వచ్చే చిక్కులు

మనుషులు పొట్టిగా లావుగా కనిపిస్తుంటే టీవీ బొమ్మను సాగదీస్తోందని. పిక్చర్ సైజును 4:3కి మార్చండి, పక్కన నల్లపట్టీలు రావాలి. కేబుల్ బాక్సుకూ టీవీకీ విడివిడిగా ఈ సెట్టింగు ఉంటుంది, బాక్సులో ‘ఒరిజినల్’ అని ఉంచి మిగతాది టీవీలో సరిచేయండి.

క్యాప్షన్లు చూస్తూ అర్థం చేసుకునేవాళ్లుంటే ఆట ఎంచుకునే ముందు ఒక ఎపిసోడ్‌కు పెట్టి చూడండి. అమెరికాలో క్లోజ్డ్ క్యాప్షన్లు మొదలైందే 1980లో. అంతకుముందు ఆటలకు తరువాత ఎప్పుడో చేర్చినవే, కొన్నింటికి అసలు ఉండవు.

ఇండియాలో ఉన్నవాళ్లకు ప్లూటో సేవ లేదు. బజర్ సొంత యూట్యూబ్ ఛానల్‌లో కొన్ని పూర్తి ఎపిసోడ్లు పెడుతుంది, మొదలుపెట్టడానికి అదే దారి.

ఇక రికార్డింగ్. పాత ఆటలకు గైడులో ఎపిసోడ్ వివరాలు సరిగా ఉండవు, అన్నిటికీ ఒకే వర్ణన రాసి ఉంటుంది. ‘కొత్తవి మాత్రమే’ అని పెడితే ఒక్కటీ రికార్డు కాదు. ‘అన్నీ’ అని పెట్టి, దాచుకునే సంఖ్య పదికి పరిమితం చేయండి, లేకపోతే వారంలో డిస్కు నిండిపోతుంది. లార్సన్ ఆట 1984 జూన్ 8, 11 తేదీల్లో రెండు భాగాలుగా వచ్చింది. ప్రెస్ యువర్ లక్ రికార్డు పెట్టినప్పుడు పాతవి చెరిపే ముందు ఆ రెండో భాగం కూడా పడిందో లేదో చూసుకోండి, వెలుగు వరసలతో అతను చేసిన పరుగులో సగం అందులోనే ఉంది.